తాతగారి ఓటమి: విక్టర్ హ్యూగో మనుమల కవితలలో వాత్సల్యహాస్యములు

‘అసలు కంటె వడ్డీ ముద్దు’ అను సామెత వినబడని తెలుగిల్లు లేదు. కన్నబిడ్డల కంటె వారి బిడ్డలు ప్రియతరులని దీని భావము. ఈ సామెతను పుట్టించినవాడు అప్పుల వ్యవహారపు మర్మ మెఱిగినవాడు. అసలును కష్టపడి కూడబెట్టవలెను. అది తిరిగి వచ్చునో రాదో యని బెంగపడవలెను. వడ్డీ యన్ననో కూర్చున్నచోటికి వచ్చిపడు లాభము. అట్లే బిడ్డల పెంపకమున తండ్రికి భయము, బాధ్యత, దండనము తప్పవు. మనుమల విషయమున తాతకు ముద్దు మాత్రమే మిగులును. తాత మనుమలతో కూడి చేయు అల్లరి, వారిని వెంటబెట్టుకొని తిరుగు తిరుగుళ్లు, తల్లి కన్నుగప్పి వారికి పెట్టు తీపి వస్తువులు ఇంటింట జరుగునవే. ఐనను ఇవి సాహిత్యవిచారమునకు తగిన వస్తువులని మనము సాధారణముగా తలంపము. తేలిక వస్తువునందు గంభీరార్థ ముండదను అభిప్రాయము మన విమర్శలో కొంత పాతుకొని యున్నది. ఆ అభిప్రాయ మెంతవరకు నిలుచునో పరీక్షించుటకై ఈ వ్యాసమున మేమొక గ్రంథమును తీసికొనుచున్నాము.

ఆ గ్రంథము ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగో 1877 మే నెలలో ప్రకటించిన కవితాసంపుటి. దాని పేరును తెలుగున ‘తాతగా నుండు కళ’ అని చెప్పవచ్చును. 1802లో జన్మించిన కవికి అప్పటికి డెబ్బదియైదేండ్లు. గ్రంథనాయకు లిరువురు: 1868లో జన్మించిన మనుమడు జార్జి, 1869లో జన్మించిన మనుమరాలు ఝాన్. వీరు కవి కుమారుడైన షార్ల్ సంతానము. గెర్న్సీ ద్వీపమున సముద్రతీరపు విహారములు, ప్యారిసు నగరమందలి వృక్షోద్యానమున జంతువులను చూడబోవుట, పిల్లల నిద్ర, వారి వచ్చీరాని మాటలు, వారి తప్పులు, వారికి పడిన శిక్షలు ఇందలి ముఖ్యవస్తువులు. సామ్రాజ్యాధిపతి నెదిరించి దేశాంతరవాస మనుభవించినవాడును, ‘లే మిజెరాబ్ల్’ వంటి మహానవలను రచించినవాడును నగు ఒక ప్రవక్తృకవి తన వార్ధకమున ఇట్టి వస్తువులను చేపట్టుట గమనింపదగినది.

ఈ సంపుటిని పెద్దకవి ముసలితనపు వినోదముగా భావించుట సులభము. ఇందలి యొక కవిత ఫ్రెంచి బాలుర పాఠ్యపుస్తకములలో చిరకాలముగా చోటు చేసికొని యున్నది. ఆ ప్రసిద్ధియే దానికి కొంత అపకారము చేసినదని చెప్పవచ్చును. పిల్లల పాఠమైన దానిని పెద్దలు మరల చదువరు గదా! మా ప్రతిపాదన మిది: ఈ గ్రంథమున తాత మాటిమాటికి మనుమల చేతిలో ఓడిపోవుచుండును. ఆ ఓటమి కేవలము నవ్వించుటకై కల్పింపబడినది కాదు. అధికార మెట్టిదై యుండవలెనను ప్రశ్నకు కవి యిచ్చిన సమాధానమే ఆ ఓటమి. హాస్య మిచ్చట పైపూత కాదు, వాదమును నడపు సాధనము.

మొదట మన అలంకారశాస్త్ర దృష్టితో వస్తువును చూతము. మమ్మటుడు దేవాదివిషయమైన రతిని రసముగా నంగీకరింపక భావమాత్రముగా పరిగణించెను. పుత్రాదులయందలి ప్రేమయు ఆ తెగలోనిదే యని వ్యాఖ్యాతృ సంప్రదాయము. పదునాల్గవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వత్సలమును ప్రత్యేకరసముగా నంగీకరించి, దానికి స్థాయిని, ఆలంబనమును, ఉద్దీపనములను నిరూపించెను. ఆలంబనము పుత్రాదులు, ఉద్దీపనములు వారి చేష్టలు. ఆ ‘ఆది’ శబ్దమున మనుమ లిముడుదురనుటలో సందేహము లేదు. కాని విశ్వనాథుడు ఈ రసమునకు లోకమాతలను అధిదేవతలుగా చెప్పినాడు. దీనినిబట్టి శాస్త్రకారుని మనస్సులో వత్సలమునకు ప్రథమాశ్రయము తల్లియే యని ఊహింపవచ్చును. తాతకు ఆ రసమున ప్రత్యేకస్థాన మేదియు నిర్దేశింపబడలేదు. తండ్రి వాత్సల్యమునకును తాత వాత్సల్యమునకును గల భేదమును శాస్త్రము విచారింపలేదు. సామెత మాత్రము విచారించినది.

కావ్యములు సైతము శాస్త్రముతోపాటే నడచినవి. పోతనామాత్యుని దశమస్కంధమున చిన్నికృష్ణుని అల్లరి మనకు పరమాదర్శము. అచ్చట శిక్షించునది తల్లి. యశోద త్రాటితో కృష్ణుని రోటికి కట్టబోవును. ఎన్ని త్రాళ్లు కలిపినను రెండంగుళములు తక్కువగును. తుదకు తల్లి యలసట చూచి జాలిగొని బాలుడే కట్టుబడును. ఓడునది బాలుడు, ఆ ఓటమి అనుగ్రహము. ఆ యింట తల్లికి తెలియకుండ ఆ కట్టు విప్పవచ్చు తాత యొకడు లేడు. ఉన్నచో కథ యెట్లు నడచునో యని మన పాఠకుడు ఊహించుకొనవచ్చును.

మన యితిహాసపురాణములలో తాతలు లేరని దీని యర్థము కాదు. సంస్కృత మహాభారత భీష్మపర్వమున మనోహరమైన ఘట్టమొకటి కలదు. భీష్ముని యెట్లు పడగొట్టవలెనో యని పాండవులు సమాలోచన జరుపు రాత్రి, అర్జునుడు తన బాల్యమును కృష్ణునితో తలపోయును. ఆటలాడి దుమ్ముకొట్టుకొనిన మేనితో తాను ఆ మహాత్ముని యొడి యెక్కి ఆయన దేహమును మలినపఱచుచుండెడి వాడట. ‘తాత’ యని పిలువగా, నేను నీకు తాతను కాను, నీ తండ్రికి తాతనని భీష్ముడు చెప్పెడి వాడట. సంస్కృతమున ‘తాత’ శబ్దమునకు తండ్రి యని యర్థము. బాలుడు పాండురాజు తండ్రివరుస వానిని తన తండ్రిగా పిలుచుటయే అచ్చటి ముద్దు. తెలుగువాని చెవికి మాత్రము ఆ బాలుడే సరిగా పిలిచినట్లును, పితామహుడే పొరపడినట్లును తోచును. భాషాభేదము వలన గలిగిన ఈ చమత్కార మట్లుండనిండు. ముఖ్యవిషయ మేమనగా, ఈ తేలికయైన ముచ్చట చంపబోవువాని నోట, చంపవలసినవానిని గూర్చి వెలువడినది. దుమ్ము పులిమిన ఆ చిన్నిచేతులే మఱునాడు బాణములు వేయవలెను. లఘువస్తువును గురుసందర్భమున నిలిపినపుడు దాని బరువెంత పెరుగునో వ్యాసభగవానునకు తెలియును.

రెండవ యుదాహరణము భాగవత అష్టమస్కంధములోనిది. వామనుడు త్రివిక్రముడై లోకముల నాక్రమించిన పిమ్మట బలి వారుణపాశములచే బంధింపబడెను. ఆ సమయమున అతని తాత ప్రహ్లాదు డచ్చటికి వచ్చును. పాశబద్ధుడైన మనుమడు పూర్వమువలె తాతను అర్చింపలేక, కన్నీటితో తల వంచి మ్రొక్కును. శిక్ష ననుభవించుచున్న మనుమని చూడవచ్చిన తాత! సందర్భ మిది. ఐనను ప్రహ్లాదుడు కట్లు విప్పుమని వేడుకొనలేదు. ఐశ్వర్యమదమును హరించుట భగవంతుని అనుగ్రహమే యని స్తుతించెను. కథాంతమున హరి, నీ మనుమనితో కూడి సుతలమునకు పోయి ఆనందముగా నుండుమని ప్రహ్లాదుని ఆజ్ఞాపించెను. తాతమనుమ లిరువురు నొకటై నూతన నివాసమునకు తరలిపోవుటతో ఆ గాథ ముగియును. తండ్రియైన విరోచనుని ప్రసక్తి అచ్చట ప్రధానము కాదు. శిక్షనుండి శాంతివఱకు మనుమని ప్రక్కన నిలిచినవాడు తాతయే.

ఈ రెండు ఘట్టములనుబట్టి ఒక నిర్ణయమునకు రావచ్చును. మన కావ్యములలో పితామహుడు ఒడి చేర్చుకొనును, ఉపదేశించును, శిక్షకు సాక్షి యగును, శిక్ష యందలి ధర్మమును విప్పి చెప్పును. మనుమనితో కలసి తప్పు చేయువాడు మాత్రము కాడు. హ్యూగో సృష్టించిన తాత ఆ తప్పు చేసినవాడు. ఇక ఆ గ్రంథములోని అత్యంత ప్రసిద్ధ కవితను పరిశీలింతము.

వస్తువు స్వల్పము. చిన్నపిల్ల ఝాన్ ఏదో నేరము చేసినది. పెద్దలు ఆమెను చీకటిగదిలో నుంచి ఒట్టిరొట్టె మాత్రమే ఆహారముగా విధించిరి. తాత తన కర్తవ్యమును మఱచి, చాటుగా పోయి, ఆ చీకటిలో ఆమెకొక మురబ్బా పాత్ర నందించెను. విషయము బయటపడెను. ఇంటి పెద్దలు మండిపడిరి. తాత బలహీనతను పిల్ల కనిపెట్టినదని, తాము కోపించునపుడెల్ల ఆయన నవ్వుచుండుట ఆమె చూచుచున్నదని, ఇట్లైనచో ఇంటి పాలనము సాగదని, కట్టుబాట్లన్నియు కూలుచున్నవని వారి యారోపణము. తాత తల వంచి నేర మొప్పుకొనెను. ఇట్టి మెత్తదనము వలననే జాతులు నాశనమైనవని అంగీకరించి, తన్ను కూడ ఒట్టిరొట్టెకు శిక్షింపుడని కోరెను. తప్పక శిక్షింతుమని వారు బదులు పలికిరి. అప్పుడు చీకటిమూల నుండి ఝాన్ మెల్లగా తాతతో ననును: ఆ శిక్ష నీకు పడినచో నేను నీకు మురబ్బా తెచ్చి పెట్టెదనని.

తరగతిలో ఈ కథను చెప్పినపుడెల్ల విద్యార్థులు నవ్వుటను మేము చూచియున్నాము. ఆ నవ్వునకు హేతువేది? వికృతమైన ఆకారవాక్చేష్టాదులు హాస్యమునకు విభావములని భరతుని మతము. ఇచ్చటి వైకృతము చేష్టలో కంటె భాషలో నెక్కువగా నున్నది. కవి ఇంటి ముచ్చటను రాజ్యాంగ పరిభాషలో చెప్పినాడు. పిల్ల చేసినది ‘నేరము’; మురబ్బా పాత్ర ‘చట్టవిరుద్ధము’; ఇంటివారు సంఘరక్షణభారము వహించిన పెద్దలు; వారి ఫిర్యాదు ప్రభుత్వమును గూర్చినది, శాంతిభద్రతలను గూర్చినది. చీకటిగదిలోని పిల్లకు కవి పెట్టిన పేరు మఱింత గమనింపదగినది. ఆమెను ‘బహిష్కృత’ యనినాడు. పంతొమ్మిదేండ్లు బహిష్కృతుడై బ్రదికిన మనిషి ఆ మాటను వాడినాడు. 1851 డిసెంబరులో లూయీ నెపోలియను చేసిన రాజ్యాపహరణము నెదిరించి దేశము విడిచిన హ్యూగో, 1870 సెప్టెంబరులో సామ్రాజ్యము కూలిన పిమ్మటనే స్వదేశమున కాలు మోపెను. చీకటిగది యెట్లుండునో, అందున్నవానికి ఎవరైన చాటుగా నొక వస్తువు తెచ్చి యిచ్చుట యెంతటిదో ఆయన కెఱుకయే.

ఇచ్చట కొంత చరిత్ర చెప్పక తప్పదు. 1871 మార్చి 13వ తేదీన షార్ల్ బోర్డో నగరమున ఆకస్మికముగా మరణించెను. 18వ తేదీన ప్యారిసులో అంత్యక్రియలు జరిగెను. ప్యారిసు కమ్యూను తిరుగుబాటు ప్రారంభమైనదియు ఆ దినముననే. పిమ్మట కవి కోడలిని, మనుమలను వెంటబెట్టుకొని బ్రస్సెల్సు నగరమునకు పోయెను. మే నెలాఖరున కమ్యూను నెత్తుటిలో నణగద్రొక్కబడెను. ప్రాణభీతితో వచ్చువారికి బెల్జియము తలుపులు మూసినపుడు, తన యింటిలో వారికి ఆశ్రయమిత్తునని హ్యూగో పత్రికాముఖమున ప్రకటించెను. ఆ రాత్రియే ఒక గుంపు ఆయన యింటిపై రాళ్లు రువ్వెను. ఆ సమయమున పసిపిల్లలు జార్జి, ఝాన్ ఆ యింటిలోనే యుండిరి. కొన్ని దినములలోనే బెల్జియము ఆయనను వెడలగొట్టెను. 1876లో సెనేటు సభ్యుడైన పిమ్మట, మే 22వ తేదీన, కమ్యూను ఖైదీలకును ప్రవాసులకును సంపూర్ణ క్షమాభిక్ష ఈయవలెనని ఆయన సభలో వాదించెను. సభ తిరస్కరించెను. మఱుసటి యేడు ఈ సంపుటి వెలువడెను.

ఇప్పుడు మురబ్బా కవితను మరల చదువుడు. క్షమ వలన ప్రభుత్వము బలహీనపడునని, మెత్తదనము జాతులను చెఱచునని తాతపై వచ్చిన అభియోగము పిల్లలగదిలో పుట్టినది కాదు. క్షమాభిక్షను వ్యతిరేకించువారి వాదసరళి యది. కవి దానికి సభలో నెదురుచెప్పి ఓడెను. ఇంటిలో తల వంచి ఒప్పుకొనెను. మన యాలంకారికులు వ్యాజస్తుతి యందురు. నిందారూపమున స్తుతి భాసించుట. తాత తన్ను తాను నిందించుకొనుచుండగా ఆ నిందయే క్షమాగుణమునకు స్తుతి యగుచున్నది. ఒక మురబ్బా పాత్ర కారణముగా సంఘము కూలునని గంభీరముగా పలుకువారిని చూచి మనము నవ్వుదుము. ఆ నవ్వుతో పాటే, కొన్ని వేలమంది నిర్భాగ్యులను క్షమించుటచే రాజ్యము కూలుననువారి గాంభీర్యము నందును మనకు సందేహము పుట్టును. ఉపన్యాసము సాధింపలేని దానిని హాస్యము సాధించుట యిది. సంపూర్ణ క్షమాభిక్ష ఫ్రాన్సున 1880 జులైలో మంజూరైనది. దాని నొక కవిత తెచ్చినదని చెప్పుట సాహసము, మే మట్లు చెప్పము. కవితలోని తాత పక్షమే తుదకు నెగ్గినదని మాత్రము చెప్పవచ్చును.

కవిత యొక్క తుది మాటను విడిగా విచారింపవలెను. అది యొక చమత్కారము మాత్రమే యైనచో కవిత తాత ఒప్పుకోలుతోనే ముగిసినను నష్టము లేకుండెడిది. పెద్దల యారోపణ మేమి? మెత్తదనము పిల్లను చెఱచునని. దానికి తాత సమాధాన మీయలేదు, పిల్ల యిచ్చినది. తాను శిక్షలో నున్నను, రానున్న తాత శిక్షను తలంచి ఆమె జాలిగొన్నది. తనకు చేయబడిన ఉపకారమును అదే రూపమున తిరిగి చేయ సంకల్పించినది. అనగా ఆమె క్షమను పొందుటయే గాక క్షమను నేర్చినది. చెడిన పిల్ల మురబ్బా మఱికొంత కావలెననును. చెడని పిల్ల మురబ్బా తెచ్చెదననును. పెద్దల వాదమున కింతకంటె పూర్తియైన ఖండనము లేదు.

ఇది మా ఊహయే యని ఎవరైన సందేహించినచో, అదే భాగమున నున్న పగిలిన పాత్రను గూర్చిన కవితను చూపగలము. తాతకు ప్రియమైన చీనా పింగాణి పాత్ర పనిపిల్ల చేయి తగిలి పగిలినది. తాత కోపముతో ఎవరు పగులగొట్టిరని గర్జించెను. పనిపిల్ల వడకుచుండగా ఝాన్ ముందుకు వచ్చి, నేనే యని చెప్పినది. పిమ్మట ఆమె పనిపిల్లతో రహస్యముగా ననునది: నేనన్నచో ఆయన యేమియు ననడని నాకు తెలియును, ఆయన నా తాత గదా యని. ఆమె యాడినది అసత్యము, సందేహము లేదు. కాని తాత బలహీనతను ఆమె యెందులకు వినియోగించినది? తన తప్పును కప్పుకొనుటకు కాదు. బలహీనురాలైన మఱియొకతెను కాచుటకు. చీకటిగదిలో తనకు దొరికిన రక్షణను ఆమె పనిపిల్లపై పఱచినది. ఈ రెండు కవితలను కలిపి చదివినపుడు తాత మెత్తదనము ఇంటిలో నొకరినుండి యొకరికి ప్రాకు విధానము స్పష్టమగును.

‘గెలిచినవాడు, ఐనను ఓడినవాడు’ అను అర్థముగల లాటిను శీర్షికతో నున్న కవిత ఈ భావమునకు సూత్రము వంటిది. ‘విక్టర్’ శబ్దమునకు లాటినున విజేత యని యర్థము. అదియే కవి పేరు. రాజులతో పోరాడి లొంగనివాడు ఒక పసిపిల్లకు లొంగినానని ఆ శ్లేష పలుకుచున్నది. సంపుటిలోని సింహగాథ యందును తర్క మిదియే. రాజకుమారుని ఎత్తుకొనిపోయిన సింహమును వీరుడు జయింపలేకపోయెను, ముని మెప్పింపలేకపోయెను, సేన నిలువలేకపోయెను. తుదకు అంతఃపురమున పడకలోనున్న చిన్ని చెల్లెలు వ్రేలు చూపి బెదరింపగా, సింహము బాలుని ఆమె చెంత నుంచెను. ఈ సింహము తాతగారే యని గుర్తించుటకు పాఠకునకు పెద్ద పాండిత్య మక్కఱలేదు.

పిల్లలతో కవి చేసిన విహారముల నుండియు ఒక యుదాహరణము. గడ్డిపై కూర్చున్న ఝాన్‌ను ఏమి కావలెనని తాత యడుగును. జంతువులను చూడవలెనని ఆమె కోరిక. ఆయన గడ్డిలోని చీమను చూపును. ఆమెకు తృప్తి కలుగలేదు. జంతువు లనగా పెద్దవిగా నుండవలెను గదా! కోరిక పెరిగి పెరిగి, తుదకు ఆమె అప్పుడే దిగంతమున నుదయించుచున్న పూర్ణబింబమును వ్రేలితో చూపి ‘అది’ యనును. మన తల్లులు చందమామను బిడ్డకడకు పిలుతురు. బిడ్డ నోరు తెఱచునంతలో ముద్ద పెట్టుదురు. అది తల్లి యుక్తి. చంద్రు డచ్చట అన్నమునకు సహాయకుడు. ఈ కవితలో యుక్తి లేదు, ముద్ద లేదు. తాత యేమి కావలెనో యడిగినాడు గావున బిడ్డ యడిగినది. ఈయలేని దానిని అడిగించుకొనుటయే తాత సాహసము. ఈ పరిహాసమున పిల్లను చూచి నవ్వుట లేదు. ఏదైన నిచ్చెదనని పలికిన మహాకవియే నవ్వులపాలైనాడు.

ఇంత నవ్వు వెనుక నున్న నీడను విస్మరింపరాదు. కవి పెద్దకుమార్తె లియోపోల్డీన్ 1843 సెప్టెంబరు 4వ తేదీన విల్కియే యొద్ద సేను నదిలో మునిగి మరణించెను. 1871లో షార్ల్, 1873 డిసెంబరులో మఱియొక కుమారుడు ఫ్రాంస్వా విక్టర్ గతించిరి. మనుమలతో ఆటలాడుచున్న ఈ ముసలివాడు బిడ్డలను పూడ్చిపెట్టినవాడు. మన సామెత ఇచ్చట విషాదార్థమును పొందుచున్నది. అసలుండగా వడ్డీని ముద్దు చేయుట సుఖము. అసలు పోయి వడ్డీ మాత్రము మిగిలినవాని ముద్దు వేఱు. ఝాన్ నవ్వునపుడు తాత యామెను శిక్షింపలేకపోవుటకు బలహీనతయే కారణమని ఇంటివారు తలచిరి. శిక్షించుటకు వలయు కాలము ఎల్లప్పుడు నుండునను విశ్వాసము ఆ తాత కడ లేదని మేము తలచుచున్నాము. అర్జునుని దుమ్ముచేతుల ముచ్చట వలెనే ఇదియు మరణము ప్రక్కన నిలిచిన క్రీడ. కావున ఈ గ్రంథమున వత్సలము అంగి; హాస్యము దాని ముఖ్యాంగము; కరుణము పేరెత్తక దిగువను ప్రవహించునది. ఆ కరుణము లేనిచో హాస్యము చౌకబారు పడియుండెడిది.

గుణముల నెన్నిన పిమ్మట దోషములను దాచుట విమర్శకధర్మము కాదు. హ్యూగో శిశువును తఱచుగా దేవదూతను చేయును. దేవదూతకు ఆకలి కోపము లుండవు గనుక అట్టిచోట్ల ఝాన్ మాయమై, ఉపదేశము మిగులును. మతాధికారులపై వాదములు, సృష్టిని గూర్చిన ఘోషలు సంపుటిలో ననేకస్థలముల పిల్లల కంఠములను మ్రింగివేసినవి. ఇంతకంటె పెద్ద దోష మొకటి కలదు. ఈ యింటిలో ప్రతిదినము పిల్లలకు స్నానము చేయించి, అన్నము పెట్టి, జ్వరము వచ్చిన రాత్రులు మేల్కొని, తప్పు చేసినపుడు మందలించిన తల్లికి ఈ గ్రంథమున స్వరము లేదు. ఆమె ‘పెద్దలు’ అను బహువచనమున కలిసిపోయి నిందకు పాత్రురాలైనది. తాత మురబ్బా పెట్టగలుగుటకు ఒకరు రొట్టె పెట్టియుండవలెను. దండించు భారము వేఱొకరిపై నున్నంతకాలము క్షమించుట సులభమే యని ఏ తల్లియైన ననినచో కవికి బదులు దొరకదు. రాజ్యవిషయమున హ్యూగో వాదము బలవత్తరము. గృహవిషయమున అది అర్ధసత్యము.

ఐనను అర్ధసత్యము సత్యములో సగమే గదా! ఇంటిలో నందరును న్యాయాధిపతులైనచో చీకటిగదిలోని బిడ్డకు దిక్కెవరు? కట్టుబాటు నిలువవలెను, దానిని మీరి లోనికి పోవు వాడొకడును ఉండవలెను. ఆ రెండవ పాత్రకు వృద్ధుడే తగినవాడు. అతడు ఆజ్ఞాపించు వయస్సును దాటినవాడు, ఆజ్ఞకు లోబడు వయస్సును మరల సమీపించుచున్నవాడు. తాతయు మనుమరాలును ఇంటిపాలనమునకు చెఱియొక అంచున నిలిచినవారు. కావుననే వారికంత స్నేహము. ఆ బాలుడు జార్జి పెరిగి పెద్దవాడై 1902లో ‘మా తాతగారు’ అను అర్థముగల పేరుతో తన స్మృతులను ప్రకటించెను. తాత పిల్లలను గూర్చి వ్రాసిన గ్రంథమునకు పిల్లవాడు తాతను గూర్చి గ్రంథము వ్రాసి బదులిచ్చెను. మురబ్బా తెచ్చెదనన్న ఝాన్ మాటను ఆమె యన్న ఈ విధముగా చెల్లించినాడనుకొనవచ్చును.

ఈ పరిశీలనము వలన తెలుగు పరిశోధకునకు కలుగు ప్రయోజనమేమి? మనకు ‘పెద్దరికము’ అను మాట కలదు; అది గౌరవమును, తీర్పును, దూరమును సూచించును. ‘తాతరికము’ అను మాట వాడుకలో వినబడదు. ఐనను ఆ వస్తువు మన యిండ్లలో లేదని యెవరనగలరు? మన పాటలలో, సామెతలలో, పొడుపుకథలలో, తాతలు అమ్మమ్మలు మనుమలకు చెప్పు కథలలో అది పుష్కలముగా నున్నది. ‘తాతకు దగ్గులు నేర్పుట’ యను మాటనే చూడుడు. పిల్లలు పెద్దలకు నేర్పలేరను పరిహాస మందున్నది. హ్యూగో గ్రంథమంతయు ఆ మాటకు ప్రత్యుత్తరము వంటిది. అచ్చట దగ్గులు తప్ప తక్కిన వన్నియు తాతకు మనుమలే నేర్పిరి. మౌఖికసాహిత్యమును సేకరించు విద్యార్థులు కథలను వ్రాసికొనునపుడు, ఆ కథను ఎవరు ఎవరికి, ఎవరి కన్నుగప్పి, ఏ సమయమున చెప్పిరో కూడ వ్రాసికొనిన మేలు. కథతోపాటు ఆ చాటుతనమును నమోదైనపుడే మన వత్సలరసమునకు పూర్తి లక్షణమును నిర్ణయింప వీలగును.

విశ్వనాథుడు లోకమాతలను వత్సలమునకు అధిదేవతలుగా నిలిపెను. ఆ నిర్ణయమును మేము మార్చబోము. ఆ దేవతల యాలయమున, వెనుకతలుపు చెంత, కొంగుచాటున నొక చిన్న పాత్రను దాచుకొని నిలిచిన వృద్ధునకు కూడ కొంత చోటీయవలెనని మాత్రము మా మనవి. లోపలి నుండి పిల్ల యెట్లును ఆతని కొఱకు ఎదురుచూచుచునే యుండును.